రోజుకో అంటు

నలభై మూడేళ్ళొచ్చినా ఆమె పేరు చిన్నమ్మాయే. రేషన్ కార్డులోనూ అదే, నర్సరీ హాజరు పుస్తకంలోనూ అదే. కడియపులంక కాలవగట్టు కింద మురళీకృష్ణగారి నర్సరీలో మట్టి కవర్లు నింపే ఆడవాళ్ళు పధ్నాలుగుమంది. వాళ్ళలో ముందు వచ్చేదీ, ఆఖరున చేతులు కడుక్కునేదీ ఆమే.

ఆ శ్రావణమాసం మొదటివారం ఒకటే ముసురు. ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు కలిపి పోసిన కుప్ప ముందు గొంతుక్కూర్చుని పొద్దుటినుంచీ నింపుతూనే ఉంది. ఎడమచేత్తో నల్ల కవరు నోరు విప్పడం, కుడిచేత్తో కొబ్బరిచిప్పతో మూడు చిప్పల మట్టి పోయడం, రెండుసార్లు నేలకేసి తట్టడం, పక్కన పెట్టడం. తడిమట్టి బరువు. కవరు కవరుకీ నడుము ఒక చోటే కలుక్కుమంటోంది. మోకాళ్ళు మార్చి కూర్చుంటే కాసేపు నొప్పి అటునుంచి ఇటు మారుతుంది, అంతే.

ఎదురుగా రేకుల పాక కింద అంటు కట్టే మగవాళ్ళు నలుగురు పట్టాలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్ళకు వాన లేదు, మట్టి లేదు. వాళ్ళ కూలి కూడా వేరు. తాతాజీ వాళ్ళందరికీ మేస్త్రీ. అరవై దాటాయి. ఆయన పక్కన కూర్చుని టెంకమొక్కలూ, ప్లాస్టిక్ టేపూ అందించే పని మూడేళ్ళపాటు చిన్నమ్మాయే చేసింది. నిరుడు ఆ పనికి ఇంకెవర్నో పెట్టి ఆమెను మళ్ళీ మట్టికి పంపారు. అందించే రోజుల్లో ఒకసారి, ఒకటి నేనూ కట్టి చూడనా అండి అని అడిగింది. తాతాజీ నవ్వలేదు, కసరలేదు. "ఆడవాళ్ళ చేతిలో వేడెక్కువమ్మా. అంటు పుల్ల వాడిపోద్ది," అన్నాడు, వాన పడితే నేల తడుస్తుందన్నంత మామూలుగా.

అన్నాలవేళ ముప్పావుగంట. లోవమ్మా తక్కినవాళ్ళూ క్యారేజీలు కడిగేసి షేడ్‌నెట్ కింద పరదాలు పరుచుకుని ఒరిగారు. చిన్నమ్మాయి లేచింది.

"ఎక్కడికే రోజూ? ఆ మోటారు షెడ్డు వెనకాల నీకేవన్నా నిధి దొరికిందా?" అంది లోవమ్మ, కళ్ళమీద కొంగు కప్పుకుంటూనే.

"కాళ్ళు పట్టేశాయి లోవమ్మక్కా. కాస్త నడిచొస్తాను."

మోటారు షెడ్డు వెనక చెత్తగుంట ఉంది. వంకర పోయినవీ, గిడసబారినవీ మామిడి టెంకమొక్కలు అక్కడ పారేస్తారు. వాటిలో ఊపిరున్నదాన్ని ఒకటి తీసుకుంది. పాకలోంచి ఊడ్చి పోసిన చెత్తలో ముదురూ లేతా కాని కొత్తపల్లి కొబ్బరి మామిడి పుల్ల ఒకటి ఏరింది. పళ్ళపొడి డబ్బాలోంచి సగం బ్లేడు తీసి నూనెగుడ్డతో తుడిచింది. టెంకమొక్క తల జానెడెత్తున కోసి, కాడను నడిమికి రెండంగుళాలు చీల్చింది. పుల్ల అడుగును రెండువైపులా మేకులా చెక్కింది. ఒక్కోవైపు ఒక్కటే కోత. రెండోసారి బ్లేడు తగిలితే గరుకొస్తుంది, గరుకొస్తే అతకదు. పుల్లను చీలికలోకి దించి, బెరడుకు బెరడు కలిసిందో లేదో బొటనవేలితో తడిమి చూసుకుని టేపు చుట్టింది. మేస్త్రీ పైనుంచి కిందికి చుడతాడు. ఆమె కింది నుంచి పైకి చుడుతుంది. నిరుడు వానల్లో తను కట్టినవన్నీ వరసబెట్టి నల్లబడి చచ్చిపోతుంటే ఒకదాని టేపు విప్పి చూసింది. లోపల నీళ్ళు. తాటాకిల్లు నేసేటప్పుడు చూరు దగ్గర్నుంచి మొదలుపెట్టి పైకి కదా నేస్తారు అని ఆ రోజు అనుకుంది.

పైన సన్నటి కవరు టోపీలా తొడిగి, షెడ్డు గోడవార వరసలో చివర పెట్టింది. ఒకటే. రెండోది కడదామని ఏ రోజూ అనిపించలేదు, ఒంట్లో అంత ఓపిక లేదు. ఆ ఒక్కటీ మాత్రం ఈ ఏడాదిన్నరలో జ్వరమొచ్చిన రోజున కూడా మానలేదు. ఎందుకని ఎవరన్నా అడిగినా చెప్పలేకపోయేది. అమ్ముకోవడానికి కాదు, ఎవరికో చూపించడానికి కాదు. రోజంతా చేసిన ఆరేడు వందల కవర్లలో ఒకటికీ మరోదానికీ తేడా ఉండదు. ఇది మాత్రం నిన్నటికంటే ఇవాళ కాస్త నున్నగా తెగుతుంది.

వరసలో అరవై నాలుగు ఉన్నాయి. ముందువైపు వాటికి ఎర్రటి లేతాకులు జానెడేసి వచ్చాయి. అంతకుముందు కట్టినవి ఎండలకు మాడి గుంటలోకే పోయాయి. రెండు నెలలుగా చచ్చినవి రెండే.

మర్నాడు పదకొండు గంటలకు తునివైపునుంచి అమ్మిరాజుగారని ఒక రైతు వచ్చాడు. నాలుగెకరాల్లో మామిడి వెయ్యాలట. మురళీకృష్ణగారు గొడుగు పట్టుకుని దగ్గరుండి మళ్ళన్నీ తిప్పారు. అమ్మిరాజుగారు మాట్లాడే మనిషి కాదు. అంటు కట్టిన చోట వేలితో నొక్కి చూడటం, పెదవి విరవడం.

"వానల్లో ఇవి నిలవవండి. పోయినేడు రెండొందలు పట్టుకెళ్తే నూటపది పోయాయి. కట్టులోకి నీరు దిగుతోంది," అన్నాడు.

"మా మేస్త్రీ నలభయ్యేళ్ళ అనుభవమండి."

"కాదన్నానా?"

ఫోనొస్తే అమ్మిరాజుగారు మాట్లాడుతూ షెడ్డు వెనక్కి నడిచాడు. చిన్నమ్మాయి చేతిలో కొబ్బరిచిప్ప ఆగిపోయింది. అటు చూడకూడదనుకుంటూనే చూసింది. ఆయన ఫోను మాట మధ్యలో ఆపేసి వంగాడు.

"మురళిగారూ, ఇలా రండోసారి. మంచి సరుకంతా ఇక్కడ దాచి, అక్కడ చూపిస్తారేంటండీ?"

మురళీకృష్ణగారు వెళ్ళి చూశారు. ఆయన మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత ఇంకోటి కనపడింది. ఇవతలికొచ్చి అందరికీ వినపడేలా అడిగారు.

"ఎవరివి ఆ మొక్కలు? ఎవరు పెట్టారక్కడ? నాకు తెలీకుండా బయట అమ్ముతున్నారా ఏంటి?"

లోవమ్మ తల వంచేసుకుంది. చిన్నమ్మాయి లేవడానికి మోకాలి మీద చెయ్యేసింది. ఈ నెల కూతురు పావని కాలేజీ ఫీజు కట్టాలి. పోయిన ఏడాది నాలుగు గులాబీ మొక్కలు ఇంటికి పట్టుకెళ్ళిందని ఒకావిడను అప్పటికప్పుడు పంపేశారు. చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది.

"నాయేనండి," అన్నాడు తాతాజీ.

పాకలోంచి లేచి, కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చాడు. "ఖాళీ దొరికినప్పుడు కట్టి అక్కడ పెడతన్నానండి. చెత్తలో పోయే మొక్కలు కదా అని."

మురళీకృష్ణగారి మొహం తేటపడింది. "అదీ! పని మీద ప్రేమంటే అలా ఉండాలి," అంటూ మగవాళ్ళవైపు తిరిగారు. "చూశారా? మీరున్నారు, టైమైతే లేచిపోవడమే."

అమ్మిరాజుగారు అరవై నాలుగూ అప్పుడే ఎక్కించమన్నాడు. వ్యాను గేటు దగ్గరుంది. మొక్కలు మొయ్యడం ఆడవాళ్ళ పని. లోవమ్మ లేవబోతే చిన్నమ్మాయే వద్దని, గమేళాలో ఎనిమిదేసి చొప్పున పెట్టుకుని నెత్తిన పెట్టుకుంది. ఎనిమిదిసార్లు తిరిగింది. వంగిన ప్రతిసారీ ఏది ఏ రోజు కట్టిందో తెలుస్తూనే ఉంది. ఇది పావని పరీక్షల రోజుది. ఇది కరెంటు లేక బోరు ఆగిపోయిన రోజుది. ఇది మొగుడు లోవరాజుతో గొడవపడి ఏడుస్తూ కట్టినది, కట్టు కొంచెం వంకర. వ్యాను డ్రైవరు, త్వరగా అందియ్యమ్మా అన్నాడు. అందించింది.

సాయంత్రం కాలవగట్టు మీద తాతాజీ సైకిలు దిగి నిలబడి ఉన్నాడు. ఆమెకోసమేనని తెలిసి కూడా దాటిపోబోయింది.

"ఆగు చిన్నమ్మాయ్. నేనలా అనకపోతే నిన్ను దొంగని చేసి పంపేసేవోరు."

"ఆయ్. తెలుసండి."

"మరి మొహం అలా పెట్టుకుంటావేంటి?"

ఆమె కాలవవైపు తిరిగింది. కాలవ నిండుగా పారుతోంది. గుర్రపుడెక్క గుత్తులు గుత్తులుగా కొట్టుకుపోతోంది.

"ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు తాతాజీ.

"మీరే కదండి."

"నేనెప్పుడు నేర్పాను?"

"మూడేళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నారు కదండి మేస్త్రీగారూ. కళ్ళు మూసుకుని కూర్చుంటానా?"

తాతాజీ సైకిలు గంటమీద బొటనవేలు పెట్టి, మోగించకుండా అలాగే ఉంచాడు. "చేతిలో వేడని నాకు మా గురువు చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో మరి," అన్నాడు. సైకిలెక్కి తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి పావని చాపమీద బోర్లా పడుకుని ఫోను చూస్తోంది. డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నమ్మాయి అన్నం వార్చి, ఎసరు గిన్నె కడిగి, గోడకు ఆనుకుని కూలబడింది. లోవరాజు ఇసుక లారీ మీద వెళ్ళాడు, రెండు రోజులదాకా రాడు.

"అమ్మా, ఇది విను. రోజూ ఒక చిన్న పని, ఐదు నిమిషాలు చేస్తే చాలంట. ఏడాదికల్లా మనిషే మారిపోతాడంట. నేను రేపట్నుంచి ఇంగ్లీషు పేపరు ఒక పేరా చదువుతాను. ఫోన్లో టిక్కు పెట్టుకుంటాను."

ఫోన్లో కోటు వేసుకున్నాయన చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. చిన్నమ్మాయి గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి పుల్లతో గీకుతూ విన్నది.

"చేసింది ఎవరన్నా పట్టుకుపోతే ఏం చెయ్యాలంట?"

"ఏంటి?"

"రోజూ చేసిన పని. అదంతా ఇంకోళ్ళదని పట్టుకుపోతే, ఏం చెయ్యాలో చెప్పాడా?"

పావని వీడియో ఆపి తల్లివైపు చూసింది. "అది చెప్పలేదమ్మా. ఏమైంది?"

"ఏం లేదు. అన్నం తిను."

తర్వాతి రెండు రోజులూ అన్నాలవేళ ఆమె షెడ్డు వెనక్కి వెళ్ళలేదు. లోవమ్మ పక్కన పరదామీద పడుకుంది. అదేం నిద్రో, పిలిచినా లేవనంత నిద్ర. ఏడాదిన్నర నిద్ర బాకీ ఉన్నట్టు. లేచాక మాత్రం ఒళ్ళు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. కవర్లు నింపుతుంటే ఎన్ని నింపిందో కూడా లెక్క తెలియలేదు. మూడోరోజు లోవమ్మ నెమ్మదిగా అంది, "నిధి అయిపోయిందా?" చిన్నమ్మాయి నవ్వడానికి ప్రయత్నించింది. "నాకు ముందునుంచీ తెలుసే," అంది లోవమ్మ. "ఆ రోజు నోరెత్తలేకపోయాను. నాకూ భయమే."

ఆ మూడోరోజునే అమ్మిరాజుగారినుంచి కబురొచ్చింది. నాలుగెకరాలకూ సరిపడా మొక్కలు కావాలి, ఎన్నాళ్ళైనా ఆగుతాను, కాని ఒక్క షరతు. అన్నీ అదే చేత్తో, అదే కట్టుతో ఉండాలి. గుర్తుకోసం కట్టు ఫొటో కూడా పంపాడు. మురళీకృష్ణగారు ఫోను పట్టుకుని పాకలోకి వచ్చి, తాతాజీని ఒక్కణ్ణే కూర్చోబెట్టి మొదలుపెట్టించారు.

మధ్యాహ్నం మళ్ళీ వచ్చి చూశారు. ఒకటి చేతిలోకి తీసుకుని ఫోన్లో ఫొటో పక్కన పెట్టారు.

"ఇదికాదు కదండీ తాతాజీగారూ. అందులో మడతలు వేరుగా ఉన్నాయి, చూడండి."

తాతాజీ ఫోను దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు. "అలాగేనండి," అన్నాడు. ఇంకోటి కట్టాడు. టేపు చివర దొరక్క మూడుసార్లు వేలితో వెతికాడు. పుల్లకు ఒకవైపు రెండు కోతలు పడ్డాయి.

"ఇదీ అలా లేదే. మొన్న ఎలా కట్టారో అలా కట్టండి. మీరు కట్టినవే కదా?"

అప్పుడే చిన్నమ్మాయి నిండు గమేళా నెత్తిన పెట్టుకుని పాక పక్కనుంచి వెళ్తోంది. వెళ్ళిపోయేదే. కాని మేస్త్రీ చేతిలో టేపు మళ్ళీ పైనుంచి మొదలవడం చూసి ఆగిపోయింది. పొయ్యిమీద పాలు పొంగుతుంటే ఎవరిల్లైనా సరే చెయ్యి ముందుకు పోయినట్టు, నోరు ముందుకు పోయింది.

"పైనుంచి కాదండి. కింది నుంచి చుట్టాలి. అప్పుడు నీరు దిగదు."

మురళీకృష్ణగారు వెనక్కి తిరిగారు. "నీకెలా తెలుసు?"

గమేళా దించింది. నడుం పట్టేసి ఒక్కసారిగా నిటారుగా నిలబడలేకపోయింది. వంగిన నడుంతోనే చెప్పింది.

"అవి నేను కట్టినవండి."

పాకలో కూర్చున్నవాళ్ళలో ఒకడు చిన్నగా నవ్వాడు. మురళీకృష్ణగారు నవ్వలేదు. "మొన్న అడిగితే నోరెందుకు మెదపలేదు? మరి తాతాజీగారు నావన్నారే. ఇద్దరిలో ఎవరు అబద్ధమాడుతున్నారు?"

చిన్నమ్మాయికి అప్పుడు అర్థమైంది, ఆ మాట ఎవరి మీద పడిందో. తాతాజీవైపు చూడలేకపోయింది. "మేస్త్రీగారు నన్ను కాపాడ్డానికి అన్నారండి. మొక్కలు చెత్తగుంటలోవి. పుల్లలు ఊడ్చి పారేసినవి. కవరూ మట్టీ మాత్రం మీవే. తప్పే అయితే కూలిలో పట్టుకోండి."

తాతాజీ బ్లేడు పట్టామీద పెట్టాడు. కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"దాని మాట నిజమేనండి," అన్నాడు. "నాకు చూపు ఆనట్లేదు మురళిగారూ. ఏడాది దాటింది. కుడికంట్లో పొరొచ్చింది. పోయినేడు అమ్మిరాజుగారికి పోయినవన్నీ నేను కట్టినవే. చెబితే ఇంటికెళ్ళమంటారని చెప్పలేదు."

రేకులమీద వాన ఒక్కసారి గట్టిగా పడి తగ్గింది. చిన్నమ్మాయికి ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. ఈ మాట చెప్పే రోజుకోసం తెలియకుండానే ఎదురుచూసినట్టుంది. తీరా చెప్పాక, ముసలాయన కంటి పొర కూడా దానితోపాటు పదిమందిలోకి వచ్చి పడింది. మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. అందుకు సిగ్గు వేసింది.

మురళీకృష్ణగారు నుదురు రుద్దుకున్నారు. ఆయనకు కావలసింది మొక్కలు. "సరే. కూర్చో. ఇవాళ పది కట్టు. మూడు వారాలకు చిగురేసినవెన్నో చూసి మాట్లాడదాం. అందాకా నీకు పాత కూలే."

"అలాగేనండి. పది కాదు, ముప్ఫై కడతాను. మూడు వారాలు పాత కూలికే కడతాను. చిగురొస్తే ఆ మర్నాటినుంచి మాత్రం వాళ్ళ కూలి ఇవ్వాలండి." గొంతు వణికింది. వణికితే వణికిందిలే అని చివరిదాకా చెప్పింది. "మేస్త్రీగారు ఇక్కడే ఉండాలి."

"ఆయనెందుకు? చూపే లేదంటుంటే."

"పుల్ల ఏ వయసుదో ఆయనకు తెలిసినట్టు నాకు తెలీదండి. చెత్తలో దొరికింది కట్టానే గాని, చెట్టునుంచి ఏరుకున్నదాన్ని కాదు."

అది ఆయన పరువు కాపాడ్డానికి అన్న మాట కాదు, నిజం. మురళీకృష్ణగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చూద్దాం అనేసి వెళ్ళిపోయారు.

చేతులు కడుక్కొచ్చి పట్టామీద కూర్చుంది. మట్టికుప్పల దగ్గర ఆడవాళ్ళు పని ఆపి ఇటే చూస్తున్నారు. మొదటి కోతకే బ్లేడు జారింది. ఏడాదిన్నరలో ఒక్కరూ చూడలేదు, ఇప్పుడు ఇన్ని కళ్ళు. పుల్ల పాడైంది. ఇందాక నవ్వినవాడు మళ్ళీ నవ్వబోతే తాతాజీ అటు తిరిగి చూశాడు. రెండోదీ సరిగా రాలేదు. మూడోది కట్టేసరికి, కళ్ళున్నాయన్న సంగతి మర్చిపోయింది.

నాలుగున్నరకు ముప్ఫయ్యీ అయ్యాయి. మెడ పట్టేసింది, వేళ్ళు వంకర్లు పోయాయి. కూర్చుని చేసే పని కదా, సుఖమనుకుంది ఇన్నాళ్ళూ. తాతాజీ కళ్ళజోడు జేబులో పెట్టేసి, ఒక్కో అంటునూ బొటనవేలితో కిందినుంచి పైదాకా తడిమాడు. నాలుగు తీసి పక్కన పెట్టాడు.

"ఇయ్యి పోతాయి. లోపల సందుంది."

ఆమె ఒకటి విప్పి చూసింది. ఉంది, వెంట్రుకంత. నాలుగూ విప్పి మళ్ళీ కట్టింది. ఆయన మళ్ళీ తడిమి తలూపాడు.

"కంటికి పొర తీయించుకోండి మేస్త్రీగారూ. ఆపరేషను ఉచితంగా చేస్తున్నారంట కదా."

"చూద్దాం." ఆయన పట్టా దులిపి మడతపెట్టాడు. "పుల్లలు కొయ్యాలంటే పొద్దెక్కకముందే కొయ్యాలి. రేపు ఆరింటికల్లా రా. ఏ కొమ్మ కొయ్యాలో చెబుతాను."

చిన్నమ్మాయి లెక్కేసుకుంది. నాలుగున్నరకు లేవాలి, కుళాయి వచ్చేది ఐదున్నరకు, పావనికి క్యారేజీ పెట్టాలి.

"ఆరింటికి కుదరదండి. నీళ్ళు పట్టుకోవాలి. ఆరున్నరకు వస్తాను."

తాతాజీ మడతపెట్టిన పట్టా చంకలో పెట్టుకున్నాడు. ఆ పాకలో ఆయన చెప్పిన టైము మార్చినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"సరే," అన్నాడు. "ఆరున్నరకే రా."